వెనక్కి పంపిన అరవై మూడు

జీలుగుమెట్ట దారి ఫైలు ఎనిమిదోసారి వెనక్కి వెళ్ళింది; ఈసారీ పంపింది జల్లెడే.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి తెర మీద ఎర్ర గీత వచ్చింది. దాని కింద ఎప్పటిలాగే ఒకటే వాక్యం: "ధ్రువీకర్తల పూర్వానుభవం ప్రకారం సందేహాస్పదం." ఏ చుక్క దగ్గర సందేహమో, ఏ ఎత్తు మీద సందేహమో లేదు. కుర్చీలో వెనక్కి వాలి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. అది అంత మర్యాదగా ఉన్నందుకు ఒళ్ళు ఇంకాస్త మండింది.

విమానానికి దారి రోడ్డులా కనబడదు. ఆకాశంలో పేర్లు పెట్టిన చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకీ అక్షాంశం, రేఖాంశం, అక్కడ ఏ ఎత్తుకు దిగువకి రాకూడదో చెప్పే అంకె. ఆ అంకెలన్నీ కలిసి ఒక డేటాబేస్. ఇరవై ఎనిమిది రోజులకొకసారి పాతది తీసేసి కొత్తది విమానాల్లోకి ఎక్కిస్తారు. మబ్బులో ఉన్న పైలట్‌కి అందులో ఉన్నదే దారి. అందులో లేని ఊరు, మబ్బు పట్టిన రోజున, లేనట్టే. ఆ అంకెలు సరిచూడటం బేగంపేటలోని మా ఆఫీసు పని; సరిచూసి సంతకం పెట్టేవాళ్ళం ధ్రువీకర్తలం.

నేను చేరిన కొత్తలో ఇద్దరు కూర్చుని చేసేవాళ్ళం. ఒకరు సర్వే కాగితం చూసి అంకెల్ని పైకి చదవాలి. రెండోవారు కాగితం వంక చూడకుండా, తెర చూస్తూ వినాలి. చదివే మనిషిని నేను, వినే మనిషి కొమురయ్య. అలా ఇరవై రెండేళ్ళు. ఆమోదానికి ఇద్దరి సంతకాలూ కావాలి. వెనక్కి పంపడానికి ఒక్కరిది చాలు. తప్పు దారి లోపలికి పోతే ప్రాణాలు పోతాయి, మంచి దారి బయట ఆగితే ఎవరికీ ఏమీ కాదు అని ఆ నియమం రాసినవాళ్ళు అనుకున్నారు.

రెండేళ్ళ కిందట మా కంప్యూటర్ విభాగంలోని నౌషీన్ బృందం జల్లెడ అనే ఈ యంత్రాన్ని తెచ్చింది. అది అంకెల్ని చదవదు, ఎగురుతుంది. తనలో తాను కట్టుకున్న ఆకాశంలో ప్రతి దారినీ లక్షసార్లు ఎగురుతుంది. గాలివానలో, ఒక ఇంజను చెడిన విమానంతో, చెయ్యి వణికే పైలట్‌తో. ఎక్కడ కూలిందో చెబుతుంది. ఒక్క దారి ఎగరడానికి రెండు మూడు గంటలు పడుతుంది కాబట్టి, వచ్చిన ప్రతి ఫైలునీ ఎగరనివ్వరు. ముందు ఒక వడపోత అర పెట్టారు. పాత ధ్రువీకర్తల ఇరవై ఏళ్ళ నిర్ణయాలు దానికి నేర్పారు. ఏది చూస్తే వాళ్ళకి అనుమానం వచ్చేదో దానికీ అదే చూస్తే అనుమానం వస్తుంది. అక్కడ ఆగిన ఫైలు ఇక ఎగరదు. జీలుగుమెట్ట ఎప్పుడూ అక్కడే ఆగుతోంది.

పది దాటాక ఫోను మోగింది. జీలుగుమెట్ట ఆరోగ్య కేంద్రం నర్సు కిల్లో సుభద్ర. కొండ మీద విమానం దిగే చిన్న నేల ఉంది. వైద్యసేవల విమానం ఎండాకాలంలో కళ్ళతో చూసుకుంటూ వచ్చి దిగిపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా కొండంతా మబ్బు. అప్పుడు రోగిని డోలీ కట్టి పద్నాలుగు కిలోమీటర్లు మోసుకు దింపాలి.

"ఏటి బాబు, మళ్ళీ వద్దన్నాదా మీ మిషను?"

"వద్దంది సుభద్రమ్మా."

"ఏటి తప్పట?"

"చెప్పలేదు."

"సిన్నప్పుడు నాను లెక్క తప్పు సేస్తే మా మేష్టారు కొట్టీవోరు. గానీ ఏ లెక్క తప్పో సెప్పి మరీ కొట్టీవోరు."

ఆవిడే మళ్ళీ అంది.

"గెమ్మెలి సిలకమ్మకి కవలలు. ఒకలు అడ్డం తిరిగున్నారు. జులై రెండో వారం. కత్తి పడకుండా అయ్యీ కాన్పు కాదది. డోలీలో ఆ మనిషి కింద దాకా రాదు బాబు, నాకు తెలుసు."

"గురువారం సాయంత్రం నాలుగింటి దాకా గడువుంది. ఈలోగా లోపలికి వెళ్తే జులై తొమ్మిది నుంచి విమానం రావచ్చు. తప్పితే ఆగస్టు ఆరు."

"ఆగస్టుకి ఆ పిల్లలు బోర్లా పడతారు," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

పక్క బల్ల దగ్గర కొమురయ్య అంతా విన్నాడు. వినడం అతని వృత్తి. జల్లెడ వచ్చాక మా ఇద్దరికీ అది పంపినవాటిని దస్తరాల్లో సర్దడమే పని.

"చెవులు ఖాళీగున్నయ్ అన్నా," అన్నాడు. "ఇరవై రెండేండ్లు నీ గొంతు విన్న. ఇప్పుడు ఇంట్ల మా ఆమె చెప్పేది విందామంటే అలవాటు లేకపాయె."

"జీలుగుమెట్ట ఫైలు మనిద్దరం చదివి ఆమోదిస్తే?"

"జల్లెడ వద్దన్నదాన్ని మనం ఔనన్నం అనుకో. ఎందుకని అడుగుతది. నలభై ఒక్క కారణాలల్ల ఏదన్న ఒకటి కొట్టమంటది. 'మాకు తెలుసు' అనేది ఆ నలభై ఒకటిల లేదు."

నిజమే. ఆ పట్టీని పైనుంచి కిందకి రెండుసార్లు చదివాను. లేదు.

మర్నాడు పొద్దున్న నౌషీన్ దగ్గరికి వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళుంటాయి ఆ అమ్మాయికి. తన యంత్రం మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు టీ చెప్పించి తర్వాత వింటుంది. ఆ అనుమానం ఎక్కడిదో తవ్వి చూడమని అడిగాను. సాయంత్రం రమ్మంది. వెళ్ళేసరికి గదిలో మిగతావాళ్ళని పంపేసి ఒక్కతే కూర్చుని ఉంది.

"సార్, మధ్యాహ్నమే దొరికింది. మీకు చూపించాలా వద్దా అని ఇప్పటిదాకా ఆలోచించా."

తెర నావైపు తిప్పింది. జీలుగుమెట్టను ఆపిన అనుమానం ఏ ఏ మనుషుల నిర్ణయాల నుంచి వచ్చిందో అక్కడ పట్టీలుగా కనబడుతోంది. మిగతావాళ్ళవి దారపు పోగుల్లా ఉన్నాయి. ఒకటి మాత్రం తెర అంచుదాకా ఉంది.

"తొంభై ఒక్క శాతం మీ చేయి సార్."

"నేను జీలుగుమెట్టను ఎప్పుడు చూశాను?"

"మూడేళ్ళ కింద, ఆగస్టు పద్నాలుగు. మొదటిసారి వెనక్కి పంపింది మీరే. ఆ ఏడాది పదకొండు నెలల్లో చిన్న చిన్న కొండ ఊళ్ళవి అరవై మూడు ఫైళ్ళు వచ్చాయి మీ దగ్గరికి. అరవై మూడూ వెనక్కే. అందులో ఒక్క నిర్ణయం కూడా తప్పని తర్వాత తేలలేదు. ఆఫీసులో అందరికంటే గట్టి ధ్రువీకర్త మీరేనని మీకు ఎక్కువ బరువిచ్చాం."

"తేలలేదంటే?"

"మళ్ళీ ఎవరూ చూడలేదు సార్."

ఆ పదకొండు నెలలు ఏమిటో ఆమెకి తెలియదు. నాకు తెలుసు.

నా భార్య హైమ ఆసుపత్రిలో ఉన్న నెలలవి. సెలవులు అయిపోతే ఆఫీసువాళ్ళు దయతలచి, చిన్న ఫైళ్ళు ఆసుపత్రి నుంచే చూసుకోమన్నారు. వార్డు బయట వరండాలో ఒక్కటే ప్లగ్గు. మంచినీళ్ళ కూలరుది. ఆయమ్మ ఆ తీగ పీకి నా లాప్‌టాప్‌కి ఇచ్చేది. "గంటసేపు నీళ్ళు చల్లగా లేకపోతే ఎవరూ చావరులెండి," అనేది. అలాంటి వాళ్ళ పుణ్యాన ఆ రోజులు నడిచాయి. కానీ అక్కడ కొమురయ్య లేడు. వినే మనిషి లేకుండా ఆమోదించకూడదు. వెనక్కి పంపడానికి నేను ఒక్కణ్ణి చాలు. ఫైలు తెరిచేవాణ్ణి, అంకెలు కళ్ళముందు అలుక్కుపోయేవి, 'సందేహాస్పదం' అని రాసి పంపేసేవాణ్ణి. వచ్చే విడతలో మళ్ళీ వస్తాయి, అప్పుడు చూద్దాం అనుకునేవాణ్ణి. ఒక్కటీ చదవలేదు.

నా నిర్లక్ష్యాన్ని జాగ్రత్త అనుకుని ఆ యంత్రం నేర్చుకుంది.

బుధవారం పొద్దున్న ఆరుంబావుకి హైమ ఫోను మోగింది. మాత్రల అలారం, మనిషి పోయినా అది ఆగలేదు. దాన్ని ఆపడం నాకు రాదని కాదు. అది మోగినప్పుడు లేచి ఒక గ్లాసు నీళ్ళు తాగుతాను. ఆ రోజు నీళ్ళు తాగి బీరువాలోంచి ఆసుపత్రి దస్తరం తీశాను. ఆగస్టు పద్నాలుగు: రెండో విడత మందు ఎక్కించిన రోజు. ఆ మధ్యాహ్నం గుర్తుంది. హైమకి కాస్త తెరిపిగా ఉంది. దిండుకి ఆనుకుని కూర్చుని నన్ను అడిగింది.

"ఇవాళ ఎన్ని చూశారు?"

"అయిదు."

"ఏమయ్యాయి?"

"అన్నీ వెనక్కే."

"పాపం, ఎవరివో," అంది.

అప్పుడు అది మాట వరసకి అన్నదనుకున్నాను. దస్తరం మూసేసి పొయ్యి మీద పాలు పెట్టాను. పొంగిపోయాయి. గట్టు తుడిచి, రోడ్డు మీదకి వచ్చేసరికి బస్సు కదులుతోంది. కండక్టరు నన్ను చూసి రెండు గంటలు కొట్టబోయి ఆగి, ఒక్కటే కొట్టి ఆపాడు.

ఆఫీసులో నౌషీన్, కొమురయ్య ఇద్దరూ నా బల్ల దగ్గరే ఉన్నారు. సంగతంతా చెప్పాను. కొమురయ్య తల దించుకుని విన్నాడు.

"నాకొక్క ఫోన్ చెయ్యకపోతివి అన్నా. దవాఖానకు వచ్చి వింటుంటి కద."

నౌషీన్ గొంతు తగ్గించింది.

"సార్, ఒక దారుంది. పదిహేడో కారణం. 'ఫైలు సాంకేతికంగా పాడైంది, నేరుగా అనుమతి.' ఈ ఒక్క ఫైలుకి అది కొడితే జల్లెడ అడ్డు రాదు. ఈ రోజే డేటాబేస్‌లోకి వెళ్ళిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు."

"రెండో దారి?"

"మీ అరవై మూడు నిర్ణయాలూ జల్లెడలోంచి తీసేయాలి. దానికి అవి చెల్లవని మీరే రాసివ్వాలి, ఎందుకు చెల్లవో కూడా. నేను రాత్రంతా మళ్ళీ నేర్పిస్తే రేపు పొద్దున్నకి తయారవుతుంది. కానీ అది రాసిస్తే మీ లైసెన్సు..."

"పదిహేడు కొట్టెయ్ అన్నా," అన్నాడు కొమురయ్య. "ఏడు నెలలల్ల రిటైర్ అయితవ్. ఆమెకు విమానమొస్తది, నీ ఇజ్జత్ నీకుంటది. ఎవనికి నష్టం?"

నిజం చెప్పాలంటే పదిహేడు మీద వేలు పెట్టాను. చిలకమ్మకి అదే చాలు. కానీ మిగతా అరవై రెండు ఊళ్ళ పేర్లు నాకు గుర్తు కూడా లేవు. అక్కడా ఎవరో ఒక సుభద్ర, ఏ తప్పో చెప్పని వాక్యాన్ని చదువుకుంటూ ఉండి ఉంటుంది. వేలు తీసేసి తెల్లకాగితం తీసుకున్నాను. రాయడానికి పావుగంట పట్టింది. చదవకుండా పంపాను అని రాయాల్సిన చోట మూడుసార్లు 'సరిగా చదవకుండా' అని రాసి, మూడుసార్లూ 'సరిగా' కొట్టేశాను.

డైరెక్టరు కాగితం చదివి నన్ను కూర్చోమన్నారు. అలాంటి కాగితం ఇచ్చిన మనిషిని కూర్చోమనడం పెద్ద మర్యాదే.

"మీరే ఇలా రాస్తే మిగతావాళ్ళని ఏమనుకోవాలి సదాశివంగారూ?"

మధ్యాహ్నం పన్నెండుకి నా సంతకం రద్దయింది.

గురువారం పొద్దున్న తొమ్మిదికి, నా చేయి తీసేసిన జల్లెడలోకి జీలుగుమెట్టను వేశారు. ఏ అనుమానమూ రాలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆ దారి ఎగరడం మొదలుపెట్టింది. తెర మూల అంకె పెరుగుతోంది. పదివేలు, ఇరవై వేలు. కొమురయ్య వాళ్ళావిడ పంపిన సర్వపిండి ముగ్గురం తిన్నాం. నేను చాలా రోజుల తర్వాత రెండో ముక్క అడిగాను.

పదకొండూ నలభైకి మళ్ళీ ఎర్ర గీత వచ్చింది.

సంతకం పోయింది, గడువుకి నాలుగు గంటల చిల్లరే ఉంది, దాని పాత సమాధానమే దానిది. బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టాను. జీవితంలో ఆఫీసులో బల్ల కొట్టిన మొదటిసారి అది. నౌషీన్ మాత్రం తెర మీదకి వంగింది.

"పాత సమాధానం కాదు సార్. చదవండి."

లక్షలో రెండు వేల నూట ఆరుసార్లు విమానం గద్దగుబ్బ అనే కొండను తాకింది. తాకిన చోటు, ఎత్తు, గాలి, అన్నీ ఉన్నాయి. తప్పంతా నేలకి దిగేముందు తిరగాల్సిన మలుపు చుక్కది. అది కొండకి మరీ దగ్గరగా ఉంది.

కొమురయ్య మెల్లగా అన్నాడు. "పదిహేడు కొట్టుంటే..."

"ఎగరకుండానే లోపలికి పోయేది," అంది నౌషీన్.

ఆ సర్వే చేసినవాళ్ళు చేతకానివాళ్ళు కారు. మరి అంత తప్పు ఎలా చేశారు? ఎనిమిది ఫైళ్ళూ వరసగా తెరిపించాను. నౌషీన్ ఎనిమిది మలుపు చుక్కల్నీ ఒకే పటం మీద పెట్టింది. చీమల బారులా ఉన్నాయి. మొదటిది లోయ మధ్యలో. రెండోది దానికి రెండు వందల మీటర్లు తూర్పున. మూడోది ఇంకో రెండు వందలు. అలా ఎనిమిదోది కొండ ఒళ్ళోకి వచ్చేసింది. ఒక్కో ఫైలు వెనక సర్వేయరు రాసిన గమనిక ఉంది. మాలో ఎవరమూ వాటిని తెరవలేదు.

రెండో ఫైలు వెనక: "మీ సందేహం పడమటి కరెంటు లైన్ల గురించి అని భావించి మలుపు చుక్కను తూర్పుకు జరిపాము."

అయిదో ఫైలు వెనక: "మరికొంత జరిపాము. దయచేసి ఆమోదించగలరు."

ఎనిమిదో ఫైలు వెనక: "ఇంకా ఎంత జరపాలో దయచేసి తెలియజేయగలరు."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. లేని తప్పుని దిద్దడానికి మూడేళ్ళుగా ఒక మనిషి మంచి దారిని కొంచెం కొంచెంగా చెడగొట్టుకుంటూ వచ్చాడు. ఏమీ చెప్పకుండా వెనక్కి పంపిన మొదటి చేయి నాది.

"మొదటి ఫైలు ఎగరెయ్యమ్మా," అన్నాను. "నేను చదవంది."

సర్వే అయిదేళ్ళు చెల్లుతుంది. ఆ మేరకు అదృష్టం. పన్నెండున్నరకి మొదలైంది. మేం భోజనానికి లేవలేదు. మూడూ పదికి లక్ష పూర్తయింది. ఆకుపచ్చ గీత. ఒక్కసారి కూడా ఏ కొండనూ తాకలేదు.

కొత్త ఫైళ్ళకి జల్లెడే ముద్ర వేస్తుంది కానీ, మనిషి వెనక్కి పంపిన పాత ఫైలుకి పాత నియమమే, ఆమోదానికి రెండు సంతకాలు కావాలి. కొమురయ్యది ఒకటి ఉంది. నాది చెల్లదు. మిగతా ధ్రువీకర్తలిద్దరూ ఢిల్లీ మీటింగులో ఉన్నారు.

"నాకు లైసెన్సుంది సార్," అంది నౌషీన్. "జల్లెడ కడుతున్నప్పుడు పరీక్ష రాయించారు. ఒక్కసారీ వాడలేదు. చదవడం రాదు నాకు."

పావుగంట నేర్పాను. అంకెని అంకెగా చదవాలి, ముప్పై ఆరు అనకూడదు, మూడు ఆరు అనాలి. దశాంశ చుక్క వస్తే చుక్క అని చెప్పాలి. రాబోయే అంకెని ఊహించుకోకూడదు. తెలిసిన ఊరైనా తెలియనట్టే చదవాలి. తర్వాత నేను లేచి అద్దాల తలుపు బయట నిలబడ్డాను. సంతకం లేని మనిషి చదివేటప్పుడు లోపల ఉండకూడదు. తలుపు సందులోంచి ఆమె గొంతు వినిపించింది. మొదట పరుగెత్తింది.

"బేటీ, జర నిదానం," అన్నాడు కొమురయ్య. "అంకె చెవిలకు దిగాలె, దిగినంక రెండోది."

ఆమె నెమ్మదించింది. కొమురయ్య కళ్ళు తెర మీద, చెవి ఆమె మీద. ఒక్కో అంకెకీ పెన్సిలుతో బల్ల మీద చిన్నగా తడుతున్నాడు. నలభై ఆరు వరసలు. మూడూ యాభై రెండుకి ఇద్దరూ సంతకాలు పెట్టారు.

జీలుగుమెట్టకి నేనే ఫోను చేశాను. అవతల రేకుల మీద వాన చప్పుడు.

"అయింది సుభద్రమ్మా. జులై తొమ్మిది నుంచి మబ్బులో కూడా వస్తుంది."

"సిలకమ్మకి ఇప్పుడే కబురెడతాను. ఇంతకీ ఏటి తప్పట బాబు?"

చెప్పకుండా పెట్టేయవచ్చు. ఆవిడ అంత సంతోషంగా ఉంది.

"మూడేళ్ళ కింద మీవాళ్ళు పంపిన మొదటి ఫైలులో తప్పేమీ లేదు. దాన్ని చదవకుండా వెనక్కి పంపింది నేను. ఆ తర్వాత యంత్రం నన్ను చూసి నేర్చుకుంది."

వాన చప్పుడులో కాగితాలు తిప్పుతున్న శబ్దం వినిపించింది. తర్వాత అంది.

"అయితే ఈ మూడు వానాకాలాలూ విమానం రావొచ్చునన్నమాట."

"రావచ్చు."

"డోలీల్లో దింపినోలంతా నా రిజిస్టర్లో ఉన్నారు. ఊరు, పేరు, ఏ రోజు, కింద దాకా సేరేరో నేదో. అన్నీ రాసున్నాయి." తిడుతున్నట్టు లేదు ఆ గొంతు. ఏది ఎక్కడ ఉందో చెబుతున్నట్టు ఉంది. "నకలు తీసి పంపమంటారా?"

కొమురయ్య నా వంక చూస్తున్నాడు. వద్దని చెయ్యి ఊపాడు.

"పంపండి," అన్నాను. "నా పేరుకే పంపండి."

ఇంతలో అవతల ఎవరో ఆవిణ్ణి కేకేశారు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది, పెట్టేయలేదు. చెప్పుల శబ్దం దూరమైంది. ఎవరో మనిషి మూలుగు, సుభద్ర ఎవరినో వేడినీళ్ళు తెమ్మనడం, ఇనప మంచం ఈడ్చిన చప్పుడు. చేతిలో ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాను. గోడ గడియారంలో నాలుగు దాటింది. నౌషీన్ వచ్చి నా వెనక కుర్చీ జరిపి వెళ్ళింది. కూర్చున్నాను.

పది నిమిషాల తర్వాత ఫోను ఎత్తిన చప్పుడు.

"ఇంకా ఉన్నారా బాబు?"

"ఉన్నాను."